రసీదు

ఆ ఏడాది మావ రేడియో ముందు కూర్చుంటే
కంచంలో చారు చల్లారిపోయేది.
పర్లాకిమిడిలో మా కొమ్ముపని వీధి.
గేదె కొమ్ము సెగకి మెత్తబడే వాసన,
కొబ్బరినూనె, బొగ్గుపొడి,
మధ్యలో గరగరమంటూ మాస్కో నుంచి తెలుగు.
అది మా వీధి తెలుగు కాదు,
ఇస్త్రీ చేసిన తెలుగు.
మావ దానికి "చిత్తం, చిత్తం" అనేవాడు.

పేరు బిసాయి త్రినాథులు.
నాలుగేళ్ల కిందట అతను చెక్కిన కొంగలు రెండు
ఢిల్లీ మీదుగా లెనిన్‌గ్రాడ్ ప్రదర్శనకి వెళ్లాయి.
అతను వెళ్లలేదు. కొంగలే వెళ్లాయి.
అక్కడ మెట్లు తుడిచే ఒకావిడ, జినాయిదా,
"మీ పక్షి మెడ వంపు చూస్తే
మా ఆయన నిద్రపోవడం గుర్తొచ్చింది" అని
ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించి పంపింది.
అప్పట్నుంచి ఏటా ఇటొక కార్డు, అటొక కార్డు.

జనవరిలో అక్కడ యాభై, వంద రూబుళ్ల నోట్లు చెల్లవన్నారు.
మూడు రోజులే గడువట.
"జినాయిదమ్మ పరుపు కింద ఏటి దాసుకున్నాదో" అని
మావ ఆ రాత్రి మా అత్త పోపుల డబ్బా వైపు చూశాడు.
ఏప్రిల్లో రొట్టె ధర పెరిగింది.
మే నెల్లో ఎవర్నో రాకెట్లో పైకి పంపారు.
మహేంద్రతనయ ఇసకలో వెల్లకిలా పడుకుని
ఏ చుక్క కదుల్తుందా అని వెతికాను.
కదిలింది మిణుగురు.

ఆగస్టులో ట్యాంకులు.
వార్తలు రావలసిన వేళకి ఏదో వాద్యం వచ్చింది,
మావ ఉలి ఆపకుండానే చెవి అటు పెట్టాడు,
కొంగ మెడ పుటుక్కుమంది.
ముప్ఫయ్యేళ్లలో అలాంటి పొరపాటు చూడలేదంది అత్త.
విరిగిన ముక్కతో నాకు దువ్వెన చేసిచ్చాడు.

తరవాత జినాయిదా ఊరి పేరు మార్చేశారు.
ఆవిడ అదే గదిలో, అదే చీపురు పక్కన.

డిసెంబరు ఆఖరి సోమవారం.
పొట్లంలో రెండంగుళాల రొయ్య, మీసాలతో సహా.
ఊరికి రెండు పేర్లూ రాశాం, ఒకదాని కింద ఒకటి.
పోస్టాఫీసు కిటికీలో పాఢి బాబు తూచి,
రేట్ల పట్టిక ఒకసారి కిందికీ ఒకసారి పైకీ చూసి,
"ఏ దేశొ ఆఉ అచి కి?" అన్నాడు.
ఈ దేశం ఇంకా ఉందా, అని.
వెనక వరసలో నవ్వులు.

మావ నవ్వలేదు.
"బావూ, ముప్ఫై ఆరులో, మార్చి ఆకరు రేతిరి
మా యమ్మకి నొప్పులొచ్చినాయి. అప్పుడిది మద్రాసు.
తెల్లారగట్ల నాను పుట్టినాను. అప్పటికిది ఒరిస్సా.
మంచం జరగనేదు. మంత్రసాని మారనేదు.
నా బొడ్డు ఎవుల పెబుత్వంలో కోసినారో
నాకిప్పటికీ తెల్దు.
నువ్వు రాసెయ్యి. మనిసుంటాది."

పాఢి బాబు కలం మూత కొరికాడు.
కలం జేబులో పెట్టేసి
చెవి మీంచి పెన్సిలు తీశాడు.

పైకి వెళ్లినవాడు అప్పటికింకా దిగలేదు.
బుల్లి రైలు పట్టాల వెంట ఇంటికి నడుస్తూ
"ఆడికెవులైనా సెప్పుంటారంటావేటి?" అన్నాడు మావ.
తల పైకెత్తాను. మిట్టమధ్యాహ్నం.
ఒక గద్ద. అంతే.

రొయ్య చేరిందో లేదో, కార్డు మాత్రం రాలేదు.
మరుసటేడు మా జిల్లాకీ కొత్త పేరు పెట్టారు,
ఇంటి ముందు బోర్డుకి రంగు కొట్టే పని పడింది.
మావ పోయాక రేడియోలో దొరికింది రసీదు,
బ్యాటరీల అరలో, నూనె మరకతో.
ఊరు సిరాతో, దేశం పెన్సిలుతో.
వేలు తగిలితే చెరిగిపోతుందని
మడత విప్పకుండానే చదువుకుంటాను.